సైకిలెక్కితే సంగటి మానాలా?

ఈసారి మూడు ఉత్తరాలు సైకిల్ గురించే వచ్చాయి, మూడూ మన సీమ నుంచే. అందుకని మిగతావి వచ్చే నెలకు పెట్టి వీటినే తీసుకున్నా. మొదటిదానికి జవాబు కాస్త పొడవైంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడమ్, నమస్తే. నా వయసు 43, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. సైకిల్ మొదలుపెట్టినప్పుడు 86 కిలోలున్నా. వారంలో ఐదు రోజులు పొద్దున 45 నిమిషాలు తొక్కుతా. ఆదివారం మా బ్యాచ్‌తో కర్నూలు నుంచి ఓర్వకల్లు రాళ్ల దాకా వెళ్లి వస్తాం, రానూపోనూ 45 కిలోమీటర్ల దాకా అవుతుంది. బరువు తగ్గాలని అన్నం, సంగటి, చపాతీ అన్నీ ఒక్కసారే మానేశా. గుడ్లు, చికెన్, పనీర్, కూరలతోనే గడుపుతున్నా. మొదటి రెండు వారాల్లో 3 కిలోలు తగ్గి 83కి వచ్చా, ఆ తర్వాత ఆరు వారాలుగా కాటా కదలడం లేదు. పైగా పోయిన ఆదివారం తిరిగొస్తుంటే కాళ్లలో సత్తువ ఒక్కసారిగా పోయింది, చేతులు వణికాయి, కళ్లు మసకబారాయి, రోడ్డు పక్క వేపచెట్టు కింద కూలబడ్డా. ఫ్రెండు ఇచ్చిన బిస్కెట్ ప్యాకెట్ మొత్తం తిన్నాకే లేచి నిలబడగలిగా. బ్యాచ్‌లో వాళ్లేమో తినకుండా తొక్కితే అంతే అంటున్నారు, ఫోన్లో వీడియోలేమో కార్బ్, అంటే పిండిపదార్థం, ముట్టుకుంటే కొవ్వు కరగదంటున్నాయి, మా ఆవిడైతే సైకిల్ అమ్మేయమంటోంది. ఏం చెయ్యమంటారు? (రైడ్ అయ్యాక అందరం కలిసి ఉగ్గాని, బజ్జీ తింటాం. అంత తొక్కాక అది లెక్కలోకి రాదనుకుంటా.)
- పేరు రాయొద్దన్నారు, కర్నూలు

జవాబు: సైకిల్ అమ్మొద్దు. ఆవిడకు నా మాటగా చెప్పండి. ఉత్తరం చివర బ్రాకెట్లో పెట్టిన ముక్క దగ్గరికి తర్వాత వస్తా, దాన్ని నేను చూడలేదనుకోకండి.

ముందు ఆ 3 కిలోల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మిమ్మల్ని తప్పుదారి పట్టించింది ఆ అంకే. మనం తిన్న అన్నమూ సంగటీ అరిగి గ్లూకోజ్ అయ్యాక, అప్పటికి ఖర్చు కానిదాంట్లో కొంత కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ అనే రూపంలో నిల్వ ఉంటుంది. పెద్దవాళ్లలో ఇది మొత్తం కలిపినా 400, 500 గ్రాములే. కానీ ఒక్కో గ్రాము తనతో పాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని కూచుంటుంది. మీరు కార్బ్ ఒక్కసారే మానేసేసరికి ఆ నిల్వ చాలావరకు కరిగిపోయింది, దాన్ని అంటిపెట్టుకున్న నీళ్లూ పోయాయి, కాటా మీద కిలోన్నరో రెండు కిలోలో మాయమయ్యాయి. అది కొవ్వు కాదు. మిగతా కిలో మాత్రం నిజంగానే తగ్గి ఉంటారు, కష్టపడ్డారు కాబట్టి. రేపు మళ్లీ సంగటి మొదలుపెట్టగానే నాలుగు రోజుల్లో కాటా కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. చూశారా, కార్బ్ తినగానే లావయ్యానని గాభరాపడి మళ్లీ మానేయకండి, అదీ నీళ్లే.

ఇక వేపచెట్టు. సైకిల్ తొక్కేవాళ్లు దీన్ని బాంక్ అవడం అంటారు. డబ్బులేసుకునే బ్యాంకుతో దీనికి సంబంధం లేదు గానీ ఖాతా ఖాళీ అయిన మాట మాత్రం నిజమే. మీ ఒంట్లో కొవ్వు లేక పడిపోయారా అంటే కాదు. 83 కిలోల మనిషి దగ్గర కొవ్వు రూపంలో లక్ష కిలోక్యాలరీలకు పైనే ఉంటుంది, కర్నూలు నుంచి కాశీ దాకా తొక్కినా ఇంకా మిగులుతుంది. మరెందుకు కూలబడ్డారు? బోరు వేయించిన రైతుకైతే ఇది వెంటనే అర్థమవుతుంది. కింద నీళ్లెన్ని ఉన్నా రెండించుల బోరు రెండించులే పోస్తుంది, మోటారు దగ్గర నిలబడి ఎంత అరిచినా మూడో ఇంచు రాదు. కొవ్వు అలాంటిదే. చాలామందిలో నిమిషానికి అర గ్రాము అటూఇటుగా మాత్రమే ఖర్చవుతుంది, అంటే నాలుగు, ఐదు కిలోక్యాలరీలు. ఓర్వకల్లు దారిలో ఎదురుగాలికి ఎత్తు తొక్కేటప్పుడు మీ కాళ్లకు నిమిషానికి 10కి పైనే కావాలి. ఆ తక్కువ పడేదంతా గ్లైకోజెన్ తొట్టిలోంచి రావాలి, ఆ తొట్టిని మీరు శనివారం రాత్రికే అడుగంటా ఖాళీ పెట్టుకుని బయలుదేరారు. కాళ్లు మొండికేసింది అందుకే. చేతులు వణకడం, కళ్లు మసకబారడం మాత్రం రక్తంలో గ్లూకోజ్ పడిపోయినప్పటి లక్షణాలు, మెదడు నడిచేది ఎక్కువగా దాని మీదే కదా.

నాకూ జరిగింది లెండి. శివరాత్రి ఉపవాసం మర్నాడు, సరిగ్గా ఏమీ తినకుండానే, పొద్దున్నే చల్లగా ఉందని నంద్యాల చెక్‌పోస్టు దాటి చాలా దూరం పోయా, డైటీషియన్ని అయ్యుండి కూడా. చెరుకురసం బండి కనపడకపోయుంటే సైకిల్‌ని ఆటోలో వేసుకుని ఇంటికొచ్చేదాన్ని. కాబట్టి మిమ్మల్ని తిట్టే హక్కు నాకు లేదు.

1966లో స్వీడన్‌లో బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు తమ మీద తామే ఓ ప్రయోగం చేసుకున్నారు, ఎప్పుడు గుర్తొచ్చినా నాకు నవ్వొస్తుంది. ఒకే వ్యాయామ సైకిల్‌కి చెరో వైపు చేరి, ఒక్కొక్కరు ఒక్క కాలితోనే, ఆ కాలు ఇక నావల్ల కాదనేదాకా తొక్కారు. తర్వాత మూడు రోజులు కార్బ్ బాగా తింటూ, రెండు కాళ్ల కండరాల్లోంచీ సూదితో చిన్న ముక్కలు తీసి చూసుకున్నారు. తొక్కిన కాల్లో గ్లైకోజెన్ రెండో కాలికంటే రెట్టింపు దాకా నిండింది. అదే మనిషి, అదే తిండి, తేడా అంతా తొక్కడంలోనే. ఖాళీ అయిన కండరం తన వాటా ముందు లాక్కుంటుంది. అందుకే కార్బ్ ఎంత అని అడిగేముందు ఎప్పుడు అని అడగాలి. సైకిల్ మీద ఉన్నంతసేపూ, దానికి కాస్త ముందూ కాస్త వెనకా తిండికి వెనకాడొద్దు. కోత పెట్టాల్సింది మిగతా రోజులో.

మామూలు రోజుల్లో మీ 45 నిమిషాలకు ప్రత్యేకంగా ఏమీ తినక్కర్లేదు, నీళ్లు తాగి, అలవాటుంటే కాఫీ తాగి వెళ్లిపోండి. ఖాళీ కడుపుతో తొక్కితే కొవ్వు ఎక్కువ కరుగుతుందని మీ వీడియోలు చెప్పేదాంట్లో సగం నిజముంది, తొక్కుతున్న ఆ కాసేపు ఎక్కువే కరుగుతుంది. కానీ రోజంతా తిన్నది ఒకటే అయితే 24 గంటల లెక్క చూసేసరికి పెద్ద తేడా మిగలదు. తినకుండా వెళ్లడం మీకు హాయిగా ఉంటే వెళ్లండి, కళ్లు తిరిగితే అరటిపండు తిని వెళ్లండి, ఇందులో అంతకుమించి విషయమేమీ లేదు.

ఆదివారం కథ వేరు. శనివారం రాత్రి మామూలుగా సంగటో అన్నమో తినండి, ఆ ఒక్క రాత్రి కోత వద్దు. పొద్దున బయలుదేరే అరగంట ముందు ఓ అరటిపండు, ఓ గ్లాసు పల్చటి రాగిజావ. రెండున్నర గంటల రైడ్‌కి గంటకు 30 గ్రాములకు తగ్గకుండా కార్బ్ లోపలికి పోవాలి, 60 దాకా తీసుకోవచ్చు, మీ వేగానికి 30, 40 చాలు. ఆకలేసినప్పుడు తిందామనుకుంటే అప్పటికే ఆలస్యం, ముప్పావు గంట దగ్గర మొదలుపెట్టాలి. జెల్ ప్యాకెట్లు కొనక్కర్లేదు. మామూలు సైజు అరటిపండులో 25 గ్రాముల చిల్లర ఉంటుంది. నిమ్మకాయంత బెల్లం ముక్కలోనూ దాదాపు అంతే. బొరుగుల ఉండలు జేబులో పెట్టుకోవచ్చు, నలిగినా నష్టం లేదు. అర లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, నిమ్మకాయ, చిటికెడు ఉప్పు కలుపుకుంటే అదే 24 గ్రాములు. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఓఆర్ఎస్ తాగుతున్నాం కదా శక్తికి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. అది ఒంట్లో నీళ్లూ లవణాలూ నిలబెట్టడానికి తయారుచేసింది, సైకిల్ తొక్కించడానికి కాదు.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఒక ఆదివారం రైడ్‌కి ముందూ తర్వాతా చెమట బట్టలు లేకుండా బరువు చూసుకోండి. కిలో తగ్గితే, తాగినదానికంటే దాదాపు లీటరు ఎక్కువ చెమట పోయిందన్నమాట. మన ఎండలకు అది మామూలే. దాన్నీ బరువు తగ్గిన ఖాతాలో రాసుకుంటారు కొందరు, సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంది.

ఇప్పుడు బ్రాకెట్లోకి వద్దాం. మీ బరువుకి, మీ వేగానికి, ఊరికే కూచున్నా ఖర్చయ్యేది తీసేస్తే, 45 నిమిషాల రైడ్‌కి 350 కిలోక్యాలరీల చిల్లర, ఆదివారం రైడ్‌కి 1200 అటూఇటుగా ఖర్చవుతాయి. వారానికి మొత్తం 3000 అనుకోండి. కిలో కొవ్వు అంటే దాదాపు 7700. అంటే తిండిలో ఏ మార్పూ లేకుండా ఇంత తొక్కినా వారానికి 400 గ్రాములకు కొంచెం తక్కువే తగ్గుతారు. అలాంటిది ఆదివారం ఒక ప్లేటు ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు, రెండు టీలు, మాటల్లో పడి ఇంకో రెండు బజ్జీలు, నా అంచనాలో అక్కడే 700 దాటిపోతాయి. ఉగ్గాని మీద నాకేం కోపం లేదు, నిజానికి రైడ్ అయ్యాక తినదగ్గ టిఫినే, బొరుగులు తేలిగ్గా అరుగుతాయి, పుట్నాల పొడిలో కాస్త ప్రోటీనూ ఉంటుంది. చిక్కంతా బజ్జీతోనే. గ్రాము నూనెకు 9 కిలోక్యాలరీలు, ఆ బజ్జీ ఎంత నూనె తాగిందో బాణలికే తెలియాలి. ఉగ్గాని ఒక ప్లేటు తినండి, బజ్జీ ఒకటి తినండి (ఒకటీ లేకుండా ఉగ్గాని తినమనేంత కఠినురాలిని కాను), మిగతా బజ్జీల బదులు ఇంటి నుంచి రెండు ఉడికించిన గుడ్లు తెచ్చుకోండి. మీ బ్యాచ్ నవ్వుతుంది, నవ్వనివ్వండి.

ఆరు వారాలుగా కాటా కదలకపోవడానికి రోజూ తినేవి కూడా కారణమే అయ్యుండాలి. కార్బ్ మానేశాం కాబట్టి మిగతావి ఎంత తిన్నా ఫరవాలేదనే ధీమా వచ్చేస్తుంది. పనీర్‌లో ప్రోటీన్‌తో పాటు కొవ్వూ బాగానే ఉంటుంది, ఇక దాన్ని వేపుడు చేస్తే చెప్పేదేముంది, చికెన్ వేపుడూ అంతే. గుడ్లూ చికెనూ మాత్రం మానొద్దు, మీరు చేసిన మంచి పని అదొక్కటి. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా కిలో బరువుకు కనీసం 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి, మీకు 100 గ్రాములు. గుడ్డుకు 6 గ్రాముల చొప్పున లెక్కేసుకుంటే అదెంత కష్టమో తెలుస్తుంది. కందిపప్పు, ఉలవలు, అలసందలు, పెరుగు అన్నీ కలిస్తే గానీ రాదు.

ధాన్యం ఎంత తినాలో కూడా చెప్తా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకుండా చూసుకోమంది. 2000 కిలోక్యాలరీలు తినే మనిషికి అది వండకముందు కొలిచిన ధాన్యం సుమారు 250 గ్రాములు. మన ఇళ్లలో మధ్యాహ్నం ఒక్కపూట అన్నానికే అంత బియ్యం పోసేవాళ్లున్నారు. ఇక్కడ సంగటి గురించి ఒక మాట, మనవాళ్లకు నచ్చదు గానీ. రాగులు 100 గ్రాములకు 320 కిలోక్యాలరీలు, బియ్యం 356. తేడా అంతే. రాగుల్లో పీచు 11 గ్రాములుంటుంది, బియ్యంలో దాని మూడో వంతు కూడా ఉండదు, కాబట్టి కడుపు నిండినట్టుంటుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది, అది మేలే. కానీ సంగటిలో బియ్యం కూడా వేస్తాం, ముద్దేమో మనిషి తలకాయంత పెడతాం, పక్కన బుడ్డల (వేరుశెనగల) చట్నీ, నాటుకోడి పులుసు. సంగటి కాబట్టి లావవ్వరనుకోవడం మన సీమ మూఢనమ్మకం. ముద్ద మీ పిడికిలంత ఉండాలి, అదీ ఒకటే.

సైకిల్ మీకు రోజుకు సగటున 430 ఇస్తోంది కాబట్టి తిండిలోంచి ఇంకో 150 తీస్తే చాలు, వారానికి అరకిలో. 150 అంటే పెద్ద చెంచాడు నూనె కంటే కాస్త ఎక్కువ, లేదా చక్కెర వేసిన రెండు టీలు. ఆ కోత మంగళ, బుధవారాల్లో పెట్టండి, రాత్రి భోజనంలో పెట్టండి, ఎక్కడైనా పెట్టండి గానీ ఆదివారం రైడ్‌లో మాత్రం వద్దు.

కడుపునిండా తిని తొక్కినా మళ్లీ అలా కళ్లు మసకబారితే, లేదా ఛాతీలో పట్టేసినట్టుంటే, కార్బ్ లెక్కలు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 43 ఏళ్లొచ్చాయి, షుగర్, బీపీ, ఈసీజీ ఎలాగూ ఒకసారి చూపించుకోవాల్సినవే.

ప్రశ్న: వయసు 52, బరువు 78. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటా. వారానికి మూడుసార్లు కడప నుంచి రాయచోటి రోడ్డులో ఘాట్ మొదలయ్యేదాకా సైకిల్ మీద వెళ్లొస్తా. పొద్దున్నే మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా వెళ్తే బరువు త్వరగా తగ్గుతానని నా ఆలోచన. షుగర్ పడిపోతే ఉంటుందని జేబులో గువ్వలచెరువు పాలకోవా పెట్టుకుంటా. సరిపోతుందా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: రెండూ సరికాదండీ, మొదటిదైతే ప్రమాదం. గ్లిమిపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు, క్లోమం నుంచి ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటుంది. అదే సమయంలో తొక్కుతున్న కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కుంటాయి. రెండు వైపులా లాగితే షుగర్ పడిపోతుంది, అదీ ఘాట్ రోడ్డు దగ్గర, లారీల మధ్య. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ. సైకిల్ తొక్కే రోజుల్లో మాత్ర ఎంత, ఎప్పుడు వేసుకోవాలో మీ డాక్టర్ని అడగండి, ఇది చదివి మీరే మానేయొద్దు.

బయలుదేరే ముందు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 90 లోపుంటే 15 నుంచి 30 గ్రాముల కార్బ్, అంటే ఒక అరటిపండో రెండు ఇడ్లీలో తిని, కాసేపాగి వెళ్లండి. దారిలో చెమటలు పట్టి వణుకొస్తే, లేదా మీటర్ 70 లోపు చూపిస్తే, వెంటనే దిగి నాలుగు చెంచాల గ్లూకోజ్ పొడో చక్కెరో నీళ్లలో కలుపుకుని తాగండి. 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోండి, పెరగకపోతే ఇంకోసారి. పాలకోవా ఇక్కడ ఎందుకు పనికిరాదంటే, అందులోని పాల కొవ్వు చక్కెర రక్తంలోకి చేరడాన్ని నెమ్మదింపజేస్తుంది, మీకేమో నిమిషాల్లో చేరాలి. గువ్వలచెరువు వాళ్లు నా మీద కోప్పడకూడదు, కోవాకు వంక పెట్టడం లేదు, మందుగా మాత్రం వాడొద్దంటున్నా. ఇంకో రెండు మాటలు. ఎక్కువ దూరం తొక్కిన రోజు రాత్రి కూడా షుగర్ పడొచ్చు, పడుకునే ముందు ఒకసారి చూసుకోండి. షుగర్ ఉందని, ఫలానా మాత్ర వాడుతున్నానని రాసిన చీటీ, ఇంటి ఫోన్ నంబరుతో సహా, జేబులో పెట్టుకోండి.

ప్రశ్న: టీచర్‌ని, వయసు 36, బరువు 62. అనంతపురంలో స్కూలుకు సైకిల్ మీదే వెళ్తా, రానూపోనూ 8 కిలోమీటర్లు. రాత్రి అన్నం మానేసి వేయించిన శెనక్కాయలు, బెల్లం తింటున్నా. రెండు నెలల్లో కిలో పెరిగా! తోటి టీచర్లు నీరసం రాకుండా ఎనర్జీ పౌడర్ తాగమంటున్నారు.
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీ దగ్గర శెనక్కాయలు, మా కర్నూలులో బుడ్డలు, పేరేదైనా 100 గ్రాములకు 520 కిలోక్యాలరీలు, అదే బరువు బియ్యం కంటే చాలా ఎక్కువ. కార్బ్ తక్కువైనంత మాత్రాన క్యాలరీలు తక్కువని కాదు. రెండు గుప్పిళ్లు ఊరికే నములుతూ టీవీ చూస్తే 350 లోపలికి పోతాయి, పైన బెల్లం. మీ 8 కిలోమీటర్లకు ఖర్చయ్యేది 150 చిల్లరే. దానికంటే ఒక జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, పెరుగు తిని, శెనక్కాయల్ని చట్నీలోకి పరిమితం చేయండి.

పౌడర్ వద్దు. చాలావాటిలో ఉండేది ఎక్కువగా చక్కెరే, గంట లోపు సైకిల్‌కి దాని అవసరమే రాదు. నీరసం రోజూ ఉంటే హిమోగ్లోబిన్ చూపించుకోండి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఎండ ఎక్కువుంటే ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగి బయలుదేరండి. పొద్దున కలిపి తీసుకెళ్తే మధ్యాహ్నానికే పులిసిపోతుంది, స్కూల్లో పెరుగు దొరికితే అప్పటికప్పుడు కలుపుకోవడమే మేలు.